బొటనవేలు అడగని చదువు

(గ్రామ కార్యకర్తల అధ్యయన తరగతుల్లో ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు చేసిన ఉపన్యాసం. సెల్‌ఫోనులో రికార్డు చేసినదాన్ని కాగితం మీద పెట్టాం. మాట తీరు మార్చలేదు.)

 

నాకు అప్పగించిన విషయం, ఖర్చు లేకుండా ఆన్‌లైన్‌లో యూనివర్సిటీ చదువు చెప్పడం ఎలా అని. ఇది విని ఒక పెద్దాయన నన్నడిగాడు. "అయ్యా, మన పేటలో శ్మశానానికి దారి లేదు. కుళాయికి నీళ్ళు రావు. నువ్వేమో యూనివర్సిటీ తెస్తానంటున్నావు. ఎవరికయ్యా ఇది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నేనూ ఒకటి అడుగుతాను. ఆ దారి కోసం అర్జీ ఎవరు రాశారు? ఎమ్మార్వో ఆఫీసుకు పోయి సర్వే నంబరు పట్టుకుని, నకలు తీసుకుని వచ్చింది ఎవరు? డిగ్రీ దాకా వెళ్ళిన మన పిల్లే గదా! ఆ పిల్ల రేపు ఎం.ఏ. చదవాలంటే, లా చదవాలంటే, ఈ పేటలో కూర్చుని ఎంతవరకు చదవగలదు? ఎక్కడ ఆగిపోతుంది? అక్కడ మనం ఏం చెయ్యాలి? ఇదీ ఇవాళ్టి విషయం.

మన దేశంలో దూరవిద్యకు మొదటి విద్యార్థి ఎవరు? ఏకలవ్యుడు. గురువు తన దగ్గరికి రానివ్వలేదు. మట్టిబొమ్మ పెట్టుకుని తనంతట తనే నేర్చుకున్నాడు. నేర్చుకుంటున్నంత కాలం ఎవడూ పట్టించుకోలేదు. విద్య వచ్చిందని నలుగురికీ తెలిసేసరికి గురువు దిగాడు, ఫీజు అడిగాడు. బొటనవేలు! ఈ కథలో మనకు రెండు సంగతులున్నాయి. గురువు దగ్గర లేకపోయినా విద్య వస్తుంది. కాని విద్య ఉచితంగా దొరికినంత మాత్రాన గుర్తింపు ఉచితంగా రాదు. ఈ రెండూ మనసులో పెట్టుకుని వినండి.

పాఠాలు ఎక్కడున్నాయి?

ముందు పాఠాల సంగతి. పాఠాలున్నాయి. కుప్పలుగా ఉన్నాయి.

కాలేజీ గడప తొక్కకుండా డిగ్రీ చదవడం మన రాష్ట్రానికి కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. కూలికి పోయేవాళ్ళు, అంగన్‌వాడీ అక్కలు, ఆర్టీసీ కండక్టర్లు అట్లా పట్టభద్రులయ్యారు. పుస్తకం పోస్టులో వచ్చేది, ఆదివారం స్టడీ సెంటర్లో తరగతి ఉండేది.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. 2001లో అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద విద్యాసంస్థ తన పాఠాలన్నీ ఎవరైనా చూసుకునేట్టు పెడతానని ప్రకటించింది. మన ఐఐటీలు, బెంగుళూరు సైన్సు సంస్థ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2017 జులైలో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' అనేది తెచ్చింది. అందులో ఇంజనీరింగే కాదు, చరిత్ర, ఆర్థికశాస్త్రం, చట్టం, సమాజశాస్త్రం కూడా ఉన్నాయి. దానితోపాటు 'స్వయంప్రభ' పేరుతో 32 టీవీ ఛానెళ్ళు పెట్టారు. నెట్టు లేని ఇంట్లో డిష్షు ఉంటే చాలు. తెలంగాణలో టీ-శాట్ ఛానెళ్ళు తెలుగులోనే పాఠాలు చెప్తాయి. కంప్యూటరు పని నేర్చుకోవాలంటే బొంబాయి ఐఐటీ వాళ్ళ 'స్పోకెన్ ట్యుటోరియల్' తెలుగులో ఉంది. పాత తెలుగు పుస్తకాలు కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాను చేసినవి వేలకొద్దీ దొరుకుతాయి.

ఇక బాబాసాహెబ్ పుస్తకాలు. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వేసిన ఇంగ్లీషు సంపుటాలు విదేశాంగ శాఖ వెబ్‌సైటులోనే ఉచితంగా ఉన్నాయి. ఆయన 1913 నుంచి 1916 దాకా చదువుకున్న కొలంబియా యూనివర్సిటీ ఆయన 'కులనిర్మూలన'ను వివరణలతో, విద్యార్థులు చదువుకునే పద్ధతిలో నెట్టులో పెట్టింది. న్యూయార్కులో కూర్చున్న విద్యార్థికీ, మన పేట అరుగు మీద కూర్చున్న విద్యార్థికీ ఒకే పాఠం. పైసా లేదు.

మరి ఎక్కడ ఆగుతున్నాం?

అన్నీ ఉచితమే అయితే మన పిల్లలందరూ ఈపాటికి పండితులు కావాలి గదా! ఎందుకు కాలేదు?

ఒకటి, పరికరం. 2017-18లో ప్రభుత్వమే చేయించిన జాతీయ నమూనా సర్వే లెక్క చెప్తున్నాను. గ్రామాల్లో కంప్యూటరున్న ఇళ్ళు నూటికి 4.4. ఇంటర్నెట్ వసతి ఉన్న ఇళ్ళు నూటికి 15 కూడా పూర్తిగా లేవు. రెండేళ్ళు తిరక్కుండానే, 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి, హాస్టళ్ళు మూసి, పిల్లల్ని ఇళ్ళకు పంపి, ఇక తరగతులు ఫోనులో వినండి అన్నారు. ఆ జూన్‌లో కేరళలో ఒక దళిత కూలీ బిడ్డ, తొమ్మిదో తరగతి పూర్తిచేసిన పిల్ల, టీవీ పాడైపోయి, మంచి ఫోను లేక, పాఠం అందలేదని ప్రాణం తీసుకుంది. చదువులో ముందుండే పిల్ల అది. అంత అక్షరాస్యత ఉన్న రాష్ట్రంలో ఇట్లా అయితే మన సంగతేమిటి?

ఇప్పుడు ఫోన్లు పెరిగాయి, కాదనను. కాని ఇంట్లో ఫోను ఒకటే ఉంటే అది ఎవరి జేబులో ఉంటుంది? తండ్రి జేబులో, లేకపోతే అన్న జేబులో. మిరప కోతలప్పుడు ఆడపిల్ల సాయంత్రం ఇంటికొచ్చి వంట చేసి, అంట్లు తోమి, రాత్రి తొమ్మిదింటికి ఫోను అడిగితే "ఎవరితో మాట్లాడ్డానికి?" అంటారు. ఇది మన ఇళ్ళలోని సంగతి. మనమే మాట్లాడుకోవాలి.

రెండు, భాష. యూనివర్సిటీ పాఠాల్లో ఎక్కువ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన పిల్లకు వినపడుతుంది, అర్థం కాదు. పది నిముషాలు విని ఆపేస్తుంది. తనకు తెలివి లేదనుకుంటుంది. తెలివి లేకపోవడం కాదమ్మా, మెట్టు లేకపోవడం.

మూడు, తోడు. ఇది పెద్దది. ఉచిత పాఠాల్లో చేరినవాళ్ళలో చివరిదాకా నిలిచేవాళ్ళు కొద్దిమందే. ఏ దేశంలోనైనా అంతే. ఇంట్లో చదువుకున్న మనిషి ఉన్నవాడు అడిగి తెలుసుకుంటాడు. మొదటి తరం విద్యార్థి ఎవర్ని అడగాలి? వీడియోలో ఉన్న ప్రొఫెసరు ప్రశ్న వినడు గదా!

కెమెరా సంగతి కూడా చెప్తాను. మా తరగతుల్లో చూశాను. కెమెరా పెట్టమంటే కొందరు పిల్లలు పెట్టరు. ఎందుకు? వెనక తడికె కనపడుతుంది. తాతయ్య మంచం కనపడుతుంది. తెర మీద ఇంటిపేరుతో సహా పేరు పడితే కులం కనపడుతుంది. క్లాసురూములో చివరి బెంచీ అని ఒకటుండేది, తలదాచుకోవడానికి. ఫోను తెర మీద అది కూడా లేదు. అందుకని మాష్టర్లకు చెప్తున్నాను. కెమెరా పెట్టమని బలవంతం చెయ్యకండి. హాజరుకు గొంతు చాలు, రాసిన జవాబు చాలు.

నాలుగు, ముద్ర. అంటే సర్టిఫికెట్. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఒక కోర్సు నడిపి చూద్దాం

ఇప్పుడు పని. మనం కొత్తగా పాఠాలు తయారు చెయ్యనక్కర్లేదు. ఉన్న పాఠాన్ని తెచ్చి, మెట్టు కట్టి, తోడు కూర్చోబెడితే కోర్సు అవుతుంది. ఉదాహరణకు 'కులనిర్మూలన'నే తీసుకుందాం.

ఈ పుస్తకం పుట్టుకే మనకు పాఠం. 1936లో లాహోరులో జాత్-పాత్-తోడక్ మండల్ సభకు అధ్యక్షోపన్యాసంగా రాశారు. రాసింది చూసి సభవాళ్ళు జంకారు, కొన్ని మాటలు తీసెయ్యమన్నారు. ఒక్క మాట కూడా తియ్యనన్నారు బాబాసాహెబ్. సభే రద్దయింది. అప్పుడాయన సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేయించారు. రెండు నెలల్లో అయిపోయాయి. సభలో వినపడకుండా పోయిన ఉపన్యాసం కరపత్రమై దేశమంతా తిరిగింది. చేతిలో ఉన్న పనిముట్టుతో పని చెయ్యడమంటే అది. ఆనాడు అచ్చుయంత్రం. ఈనాడు ఫోను.

అందులో 26 భాగాలున్నాయి. ఎనిమిది వారాలు పెట్టుకుందాం. వారానికి మూడు నాలుగు భాగాలు. ఒక్కో వారానికి నాలుగు పనులు.

మొదటి పని, పాఠం మోసుకొచ్చేది. ఇంగ్లీషు తెలిసిన ఒక కార్యకర్త, లేకపోతే అధ్యాపకుడు, ఆ వారం భాగాన్ని తన మాటల్లో తెలుగులో చెప్పి ఫోనులో రికార్డు చేస్తాడు. వీడియో వద్దు. గొంతు చాలు. గంట పాఠాన్ని గొంతువరకే ఉంచి కుదిస్తే 15 ఎంబీ పడుతుంది. అదే వీడియో అయితే వందల ఎంబీలు. ఆ రోజు డేటా అంతా దానికే పోతుంది. గంట కూడా ఒక్కసారి పెట్టకండి. పదేసి నిముషాల ముక్కలు చెయ్యండి. చేలో గట్టు మీద కూర్చుని ఒక ముక్క వినొచ్చు. చిన్న ఫోనున్నవాడికి మెమరీ కార్డులో వేసి ఇవ్వొచ్చు.

రెండో పని, పంచడం. వాట్సాప్ గ్రూపు పెడతారు మీరు, నాకు తెలుసు. కాని గ్రూపులో పెడితే ఆడపిల్లల నంబర్లు అందరికీ కనపడతాయి. తర్వాత ఫోన్లు మొదలవుతాయి. ఆ దెబ్బతో పిల్ల చదువే మానేస్తుంది. అందుకని బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టండి. అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. పంపేవాళ్ళ నంబరు వాళ్ళు దాచుకుని ఉంటే చాలు. ఈ బాధ్యత ఒక అక్కకు ఇవ్వండి.

మూడో పని, కూర్చోవడం. ఇది ప్రాణం. వారానికి ఒక రాత్రి, ఎనిమిదింటికి, అందరూ ఒకచోట చేరాలి. కమ్యూనిటీ హాలు ఉంటే హాలు, చర్చివాళ్ళు ఒప్పుకుంటే చర్చి. అక్కడ మైకు సెట్టు ఉంటుంది, దానికి ఫోను తగిలిస్తే యాభైమంది వింటారు. చదువు రానివాళ్ళు కూడా వింటారు. యాభై ఫోన్లు లేకపోయినా ఒక్క ఫోనుతో తరగతి నడుస్తుంది. విన్న తర్వాత మాటలు. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే అంతస్తులుగా విడగొడుతుంది అని ఆ పుస్తకంలో ఒక వాదన ఉంది. దాని మీద ఇంటిపని ఇవ్వండి. మీ ఊళ్ళో చావు డప్పు ఎవరు కొడతారు? గుంట ఎవరు తవ్వుతారు? కౌలుకు భూమి ఎవరికిస్తారు, ఎవరికివ్వరు? గుడి ముందు ఎవరు చెప్పులు విడుస్తారు? రాసుకు రండి. రాయడం రాని అవ్వ చెప్తుంది, మనవరాలు రాస్తుంది. ఏ ఐఐటీ వీడియోలోనూ లేని పాఠం అది. ఆ పాఠానికి ప్రొఫెసరు ఆ అవ్వే.

దూరంగా ఉన్న అధ్యాపకుణ్ణి నెలకోసారి పిలవాలంటే వీడియో సమావేశం పెట్టుకోవచ్చు. జూమ్ ఉచితంగా అయితే 40 నిముషాలకు ఆగిపోతుంది, గూగుల్ మీట్ ఇద్దరికి మించితే గంటకు ఆగుతుంది. ఆ లెక్క చూసుకుని పెట్టుకోండి. జిట్సీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కూడా ఉంది. పిలిచేవాళ్ళకు ఖాతా ఉంటే చాలు, వచ్చేవాళ్ళకు అక్కర్లేదు.

నాలుగో పని, పరీక్ష. భయపడకండి. వారానికి ఐదు ప్రశ్నలు. గూగుల్ ఫారం తయారు చెయ్యడం పదో తరగతి పిల్లకు పావుగంటలో నేర్పొచ్చు. ఎవరు ఏ ప్రశ్న తప్పారో అదే లెక్క చూపిస్తుంది. పదిమందీ ఒకే ప్రశ్న తప్పితే తప్పు పిల్లలది కాదు, మన పాఠానిది. మళ్ళీ చెప్పాలి. కష్టమైన ఇంగ్లీషు మాటలకు మన తెలుగు మాటలు రాసి ఒక షీటు తయారు చెయ్యండి. ఎనిమిది వారాలు తిరిగేసరికి ఆ షీటే ఒక చిన్న నిఘంటువు అవుతుంది. పక్క ఊరికి ఇవ్వండి.

అచ్చు వేసుకోవచ్చా అని అడుగుతారు. చూడటానికి ఉచితం అంటే అచ్చు వేసి అమ్ముకోవచ్చని కాదు. ఎన్‌పీటెల్, ఎం.ఐ.టి., వికీపీడియా లాంటివి క్రియేటివ్ కామన్స్ అనే షరతుల మీద ఇస్తారు. పేరు చెప్పి వాడుకోవాలి. కొన్ని వ్యాపారానికి వాడకూడదు. బాబాసాహెబ్ 1956లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయిన రచనల మీద కాపీరైటు 60 ఏళ్ళు గడిచి 2016తో తీరిపోయింది. కాని ఎవరైనా చేసిన తెలుగు అనువాదం వాళ్ళదే. అడిగి వేసుకోండి.

ముద్ర సంగతి

మన ఎనిమిది వారాల కోర్సుకు యూనివర్సిటీ ముద్ర పడదు. ముందే చెప్పి మొదలుపెట్టండి. పిల్లల్ని ఆశపెట్టొద్దు. కాని ముద్ర కూడా కావాలి, అది లేకుండా ఉద్యోగం లేదు, పై చదువు లేదు.

దానికి దారి ఉంది. 'స్వయం'లో చేరడానికి, వినడానికి పైసా అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష రాయాలి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో నూటికి 40 వంతుల దాకా కోర్సులు 'స్వయం' ద్వారా చేసి డిగ్రీలో కలుపుకోవచ్చు. 2016లో ఇది 20 వంతులే. అయితే మీ కాలేజీ, మీ యూనివర్సిటీ ఆ కోర్సును ఒప్పుకోవాలి. చేరకముందే ప్రిన్సిపాలును అడిగి కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు. కోర్సు అయిపోయాక "మాకు సంబంధం లేదు" అంటే ఆర్నెల్లు పోతాయి.

ఇంకో జాగ్రత్త. ఇంట్లో కూర్చుంటే డిగ్రీ ఇస్తాం, పరీక్ష కూడా అక్కర్లేదు అని గోడల మీద రాసేవాళ్ళున్నారు. మన పిల్లల స్కాలర్‌షిప్పు డబ్బు మీదే వాళ్ళ కన్ను. ఏ దూరవిద్య కోర్సులోనైనా, ఏ ఆన్‌లైన్ డిగ్రీలోనైనా చేరేముందు యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో ఆ సంస్థ, ఆ కోర్సు, ఆ సంవత్సరం ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే చేరొద్దు. అక్కడ కట్టే ఫీజే ఈ కాలపు బొటనవేలు.

ఒక హెచ్చరిక

నేను ఇంత చెప్పానని రేపు ఎవడో వచ్చి, "చూశారా, మీవాళ్ళే ఫోనులో చదువుకోవచ్చంటున్నారు. ఇక హాస్టలెందుకు? ఖాళీ అధ్యాపక పోస్టులు నింపడమెందుకు?" అంటాడు. అప్పుడు గట్టిగా చెప్పండి. వీడియో అన్నం పెట్టదు. వీడియో గది ఇవ్వదు. మొదటి తరం విద్యార్థికి హాస్టలంటే పడక మాత్రమే కాదు, దీపం కింద నలుగురు తోటి విద్యార్థులు. అధ్యాపకుడంటే పాఠం ఒక్కటే కాదు, "నువ్వు పై చదువుకు పోవాలి, అప్లికేషను నేను నింపుతాను రా" అనే మనిషి. డబ్బున్న పిల్లలకు కాలేజీ, మన పిల్లలకు కెమెరా అంటే ఒప్పుకోం.

కాబట్టి రెండు చేతులా పని. ఒక చేత్తో పేటలో కోర్సు నడపాలి. ఇంకో చేత్తో అర్జీ పట్టుకోవాలి. ఏం అడగాలి? ప్రతి ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టల్లో నెట్టు, పనిచేసే కంప్యూటర్లు. 'స్వయం' పరీక్ష ఫీజు ప్రభుత్వమే కట్టడం. యూనివర్సిటీ పాఠాలకు తెలుగు. గ్రామ గ్రంథాలయాల్లో రాత్రి పూట దీపం, నెట్టు, ఒక మనిషి. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల భర్తీ. ఇవి దానాలు కావు.

మనకు ముందు నడిచినవాళ్ళు సౌకర్యాల కోసం ఆగలేదు. పగలు పనిచేసేవాళ్ళ కోసం ఫూలే దంపతులు 1855లో రాత్రి బడి పెట్టారు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ నిజాం కాలంలోనే ఆది హిందూ పాఠశాలలు నడిపారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కూడా చదువుకునేట్టు పొద్దున పూట తరగతులు పెట్టారు. గమనించండి, చదువుకునేవాడి రోజు ఎట్లా గడుస్తుందో చూసి వాళ్ళు గంట కొట్టారు. మనం కూడా మన కూలి వేళలు చూసి తరగతి వేళ పెట్టుకోవాలి.

ఇక్కడికి వచ్చినవాళ్ళు ఇళ్ళకు పోయి చెయ్యాల్సింది చెప్పి ముగిస్తాను. మీ పేటలో డిగ్రీ చదువుతున్నవాళ్ళు, మధ్యలో మానేసినవాళ్ళు ఎందరో పేర్లు రాయండి. ఎందుకు మానేశారో పక్కన రాయండి. ఆడపిల్లల పేర్లు ముందు రాయండి. మెమరీ కార్డు ఎవరికి కావాలి, ఇంగ్లీషు మెట్టు ఎవరికి కావాలి, ఫీజు ఎవరికి కట్టాలి అనేది ఆ కాగితమే చెప్తుంది. వచ్చే తరగతులకు వచ్చేటప్పుడు ఆ కాగితాలు తీసుకుని రండి. కోర్సు ఏ ఊళ్ళో మొదలుపెట్టాలో అప్పుడు కలిసి తేలుద్దాం.

జై భీమ్!